హారానికి వెనకవైపు: బంగారు నగలో నాణ్యత ఎక్కడ ఉంటుంది

బంగారు హారం నాణ్యత అనగానే తెలుగునాట ఎక్కువమంది నోట వచ్చే మాట 916. ఆ సంఖ్య వెయ్యి పాళ్ల లోహంలో 916 పాళ్లు బంగారమని చెబుతుంది, అంతకు మించి ఏమీ చెప్పదు. మిగిలిన 84 పాళ్లలో ఏ లోహాలు ఏ మోతాదులో కలిశాయో, లంకెల అతుకులు ఎంత గట్టివో, గుండ్ల లోపల ఖాళీ ఉందో లక్క ఉందో, పొదిగిన ఎర్రరాయి కెంపో గాజో, తూకంలో రాళ్ల బరువు ఎంతో ఆ సంఖ్యలో కనిపించదు. అందువల్ల హారం మంచిదా కాదా అన్నది ఒక ప్రశ్న కాదు. శుద్ధత ఎంత, మిశ్రమం ఎలాంటిది, పనితనం ఎంత నిలుస్తుంది, తూకం దేనిది అనే నాలుగు వేర్వేరు ప్రశ్నలు. కాసుల పేరు అయినా, మామిడి పిందెల హారం అయినా, గుట్టపూసలు అయినా, సన్నని నల్లపూసల గొలుసు అయినా ఈ నాలుగూ తప్పవు. వీటిలో మొదటిదానికి ప్రభుత్వ ముద్ర సమాధానం చెబుతుంది, తక్కిన మూడింటికి కొనేవారి కన్నూ చెయ్యీ సమాధానం వెతకాలి.

మేలిమికి చేర్పు

బంగారు పళ్లేనికైనా గోడ చేర్పు కావాలన్న సామెతను లోహశాస్త్రం అక్షరాలా నిజం చేస్తుంది. మేలిమి బంగారం, అంటే ఏ లోహమూ కలపని బంగారం, ఎంత మెత్తనిదంటే ఒక గ్రాము ముద్దను దాదాపు ఒక చదరపు మీటరు వెడల్పున్న రేకుగా సాగగొట్టవచ్చు. ఘనలోహంలో పరమాణువులు వరుసలు వరుసలుగా పేర్చి ఉంటాయి. ఈ క్రమమైన అమరికను స్ఫటిక జాలకం అంటారు. మేలిమి బంగారంలో పరమాణువులన్నీ ఒకే కొలత కావడం వల్ల ఒక వరుస మీద మరొక వరుస సులువుగా జారిపోతుంది, ఆ జారుడే మనకు మెత్తదనంగా తెలుస్తుంది. అలాంటి లోహంతో చేసిన కొక్కెం కొన్నాళ్లకే వంగిపోతుంది, లంకెలు సాగిపోతాయి, నక్షీ పనిలోని లక్ష్మీదేవి ముక్కూ మొహమూ అరిగి చదునవుతాయి.

ఈ జారుడును ఆపడానికి కంసాలి మూసలో వెండి, రాగి కలుపుతాడు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. వెండి పరమాణువు కొలత బంగారు పరమాణువుతో దాదాపు సమానం కాబట్టి అది జాలకంలో ఒదిగిపోతుంది, వరుసలను పెద్దగా కదిలించదు. రాగి పరమాణువు సుమారు పదకొండు శాతం చిన్నది. అది చేరినచోట జాలకం కుంచించుకుని వంకర తిరుగుతుంది, ఆ వంకర దగ్గర వరుసల జారుడు అడ్డుపడుతుంది, లోహం గట్టిపడుతుంది. లోహపు గట్టిదనాన్ని వజ్రపు మొనతో నొక్కి, పడిన గుంట కొలతను బట్టి లెక్కించే పద్ధతిని వికర్స్ కొలమానం అంటారు. ఆ కొలతలో, కాచి మెత్తబరిచిన మేలిమి బంగారం సుమారు 25 చూపితే, వెండి పాలు ఎక్కువగా ఉన్న 22 క్యారెట్ల మిశ్రమం 50కి పైన, రాగి పాలు ఎక్కువగా ఉన్న 22 క్యారెట్ల మిశ్రమం 70 దగ్గర చూపుతాయి. రెండింటి మీదా పడే ముద్ర 916 మాత్రమే అయినా రోజూ మెడలో ఉండే గొలుసుకు రెండోది ఎక్కువకాలం ఆగుతుంది.

క్యారెట్ అనేది ఇక్కడ ఇరవైనాలుగింట భాగం. 22 క్యారెట్లు అంటే 24 పాళ్లలో 22 పాళ్లు బంగారం, దాన్ని వెయ్యికి లెక్క కడితే 916. 18 క్యారెట్లు 750, 14 క్యారెట్లు 585. వజ్రాల హారాలు ఎక్కువగా 18 క్యారెట్లలో రావడం బంగారం మిగుల్చుకోవడానికి వేసిన ఎత్తు కాదు. వెండి, రాగి సమపాళ్లలో కలిసిన 18 క్యారెట్ల బంగారం వికర్స్ కొలతలో 150 దాకా గట్టిగా ఉంటుంది, రాయిని పట్టి ఉంచే సన్నని లోహపు కాళ్లకు ఆ గట్టిదనం అవసరం. మెత్తని కాళ్లు చీర కొంగు తగిలినప్పుడల్లా కొద్దికొద్దిగా తెరుచుకుని చివరికి రాయిని వదిలేస్తాయి.

రంగు సాక్ష్యం చెప్పదు

పసుపు ఎంత ముదిరితే బంగారం అంత మంచిదన్న నమ్మకం బలంగా ఉంది గాని దానికి శాస్త్రాధారం లేదు. బంగారపు పరమాణు కేంద్రకంలో 79 ప్రోటాన్లు ఉండటంవల్ల దానికి దగ్గరి ఎలక్ట్రాన్లు కాంతివేగంలో సగానికి మించిన వేగంతో కదులుతాయి. ఆ వేగం వల్ల ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం చెప్పినట్టు ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిలు జరిగి, లోహం నీలి కాంతిని పీల్చుకుని పసుపును తిప్పి పంపుతుంది. ఈ పసుపులో రాగి చేరితే ఎరుపు జీర, వెండి చేరితే పాలిపోయిన ఆకుపచ్చ జీర వస్తుంది. ఒకే 916 ముద్ర ఉన్న రెండు హారాలు పక్కపక్కన పెడితే రెండు రంగుల్లో కనబడటానికి కారణం ఇదే. పైగా నగను ఆమ్లంలో మరిగించి మెరుగు పెట్టినప్పుడు ఉపరితలం నుంచి రాగి కరిగిపోయి పైపొర మాత్రం మేలిమికి దగ్గరగా మారుతుంది, కంటికి కనిపించేది ఆ పైపొరే.

పైపొర ఎంత మోసగించగలదో మచిలీపట్నం దగ్గరి చిలకలపూడి పేరు వింటేనే తెలుగువారికి తెలుస్తుంది. అక్కడి రోల్డ్ గోల్డ్ తయారీ తన నగలను అనుకరణ నగలుగానే అమ్ముకునే నిజాయతీ గల పరిశ్రమ. రాగి వంటి లోహం మీద పలుచని బంగారు రేకును వేడితో, ఒత్తిడితో అంటించడం రోల్డ్ గోల్డ్ పద్ధతి. విద్యుత్తుతో పూత పోయడం మరొక పద్ధతి. బంగారం సాంద్రత, అంటే ఘన సెంటీమీటరు బరువు, 19.3 గ్రాములు. దీని ప్రకారం ఒక్క గ్రాము బంగారాన్ని మైక్రాను మందాన, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు మందాన, పరిస్తే 500 చదరపు సెంటీమీటర్లకు పైగా కప్పవచ్చు. అంత పలుచని పొర కూడా కంటికి నిండు బంగారంలాగే కనబడుతుంది.

గీటురాయి, పుటం, ఎక్స్-కిరణాలు

శుద్ధతను కొలిచే పాత సాధనం గీటురాయి. నిగ్గు తేల్చడం, గీటురాయి మీద నిలవడం వంటి నుడికారాలు దాని నుంచే వచ్చాయి. కౌటిల్యుని అర్థశాస్త్రం సువర్ణాధ్యక్షుడి విధులు చెప్పేచోట ఈ పరీక్షతో పాటు దానిలో జరిగే మోసాలను కూడా వివరించింది. నల్లని గట్టి రాయి మీద నగను రాసి, ఆ గీత పక్కనే శుద్ధత తెలిసిన పుల్లతో మరొక గీత గీసి, రెండింటి మీదా నత్రికామ్లం చుక్క వేస్తారు. తక్కువరకం గీతలోని రాగి, వెండి కరిగి గీత మాసిపోతుంది, మంచి గీత నిలుస్తుంది. అనుభవం గల కన్ను దీనితో చాలా దగ్గరి అంచనా వేయగలదు, అయినా అది అంచనాయే.

ఇప్పుడు దుకాణాల్లో తరచు కనిపించే పెట్టె యంత్రం నగ మీద ఎక్స్-కిరణాలను ప్రసరింపజేస్తుంది. ఆ దెబ్బకు ప్రతి మూలకమూ తనదైన శక్తి గల ఎక్స్-కిరణాలను తిరిగి వెదజల్లుతుంది, వాటిని బట్టి ఏ లోహం ఎంత శాతమో యంత్రం క్షణాల్లో చెబుతుంది. నగకు గాయం కాకపోవడం దీని మేలు. బంగారంలో ఆ కిరణాలు సుమారు పది మైక్రాన్ల లోతు వరకే చదవగలగడం దీని హద్దు. మందమైన పూత ఉన్న నగ అయినా, మెరుగు పెట్టిన నగ అయినా ఈ యంత్రానికి ఉన్నదానికంటే మేలుగా కనబడవచ్చు.

తిరుగులేని తీర్పు ఇచ్చేది పుటమే. నగ నుంచి తీసిన చిన్న తునకను తూచి, దానికి వెండి చేర్చి, సీసపు రేకులో చుట్టి, ఎముకల బూడిదతోనో మెగ్నీషియాతోనో చేసిన చిన్న మూసలో వెయ్యి డిగ్రీలకు పైన కాలుస్తారు. సీసమూ రాగి వంటి హీన లోహాలూ ఆక్సైడ్లుగా మారి మూసలోకి ఇంకిపోతాయి, బంగారమూ వెండీ కలిసిన గుండు మిగులుతుంది. దాన్ని రేకుగా సాగగొట్టి నత్రికామ్లంలో మరిగిస్తే వెండి కరిగి బంగారం ఒక్కటే నిలుస్తుంది. మొదటి తూకాన్నీ చివరి తూకాన్నీ పోల్చితే శుద్ధత తేలుతుంది. వెండి తీయడానికి ముందు వెండినే కలపడం వింతగా తోచినా, బంగారం పాలు ఎక్కువైతే అది వెండిని చుట్టుముట్టి ఆమ్లాన్ని లోపలికి రానివ్వదు కాబట్టి ఆ చేర్పు తప్పనిసరి.

ముద్ర ఏం చెబుతుంది

హాల్‌మార్క్ అనే మాట లండన్ స్వర్ణకారుల సంఘ భవనంలో 15వ శతాబ్దంలో నగలను పరీక్షించి ముద్ర వేసిన ఆచారం నుంచి వచ్చింది. భారతదేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్, 2000లో బంగారు నగలకు ఈ పథకాన్ని స్వచ్ఛందంగా మొదలుపెట్టింది. 2021 జూన్ 16 నుంచి మొదట 256 జిల్లాల్లో అది తప్పనిసరి అయింది, తరువాత మరికొన్ని జిల్లాలకు విస్తరించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ నిబంధన పరిధిలోని నగల మీద మూడు గుర్తులు ఉండాలి: త్రిభుజాకారపు బీఐఎస్ చిహ్నం, క్యారెట్లతో కలిపి శుద్ధత సంఖ్య, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల విశిష్ట సంఖ్య. హెచ్‌యూఐడీ అని పిలిచే ఈ మూడో గుర్తు ప్రతి నగకూ వేరుగా ఉంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ అనే మొబైల్ యాప్‌లో నమోదు చేస్తే అది ఏ రకం నగ, ఎంత శుద్ధత, ఎక్కడ పరీక్ష జరిగింది అన్నవి తెరమీద కనిపిస్తాయి. చేతిలో ఉన్నది హారమై, తెర మీద ఉంగరమని వస్తే అక్కడే ఆగిపోవాలి.

ముద్ర వేసిన నగ శుద్ధత తగ్గినట్టు తేలితే, ఆ లోటు విలువకు రెండింతలూ పరీక్ష ఖర్చూ కొనుగోలుదారుకు చెల్లించాలని 2018 నాటి బీఐఎస్ నియమాలు చెబుతున్నాయి. అయితే రెండు గ్రాముల లోపు వస్తువులకూ, కుందన్, పోల్కీ, జడావు రకాలకూ మినహాయింపు ఉంది. రాళ్ల చుట్టూ మేలిమి రేకును నొక్కి, లోపల లక్క నింపి చేసే ఆ నగల్లో తునక తీసి పరీక్షించడం కష్టం. వాటిని కొనేవారికి అమ్మకందారు ఇచ్చే రాతపూర్వక హామీ తప్ప వేరే ఆధారం ఉండదు.

అతుకు దగ్గర అసలు పరీక్ష

ఒక మిల్లీమీటరు మందమున్న 22 క్యారెట్ల తీగ నిలువుగా లాగితే పదిహేను కిలోలకు పైగా బరువు మోయగలదు. యాభై గ్రాముల హారం తన బరువుకు తెగదన్నది దీనివల్ల స్పష్టం. గొలుసులు తెగేది రెండు చోట్ల, అతుకు దగ్గరా అరుగుదల దగ్గరా. లంకె అంటే వంచి చివరలు కలిపిన తీగ ముక్క. ఆ చివరలను టంకంతో, అంటే నగ లోహం కంటే తక్కువ వేడికి కరిగే మిశ్రమంతో, వెలిగారం అద్ది అతికించకపోతే చిన్నపిల్లల చేతి లాగుడుకే అది తెరుచుకుంటుంది. అరుగుదల మరింత నెమ్మదిగా పనిచేస్తుంది. లంకె లంకెతో రాసుకునే చోట తీగ మందం తగ్గేకొద్దీ దాని అడ్డుకోత వైశాల్యం పడిపోతుంది, బలమూ అంతే పడిపోతుంది. వేలాడే గొలుసులో పైనున్న లంకె కిందివాటి బరువునంతా మోస్తుంది కనుక, బరువైన పతకం ఉన్న హారాల్లో భుజాల దగ్గరి లంకెలను, పతకం తగిలించిన కొండీని ముందుగా చూడాలి.

టంకం చరిత్రలో ఒక చేదు అధ్యాయం కేడీఎం. పాతకాలపు టంకంలో రాగి పాలు ఎక్కువ ఉండటంవల్ల నగను కరిగిస్తే మొత్తం శుద్ధత దిగిపోయేది. బంగారానికి సుమారు ఎనిమిది శాతం కాడ్మియం కలిపితే శుద్ధత చెడకుండా తేలికగా కరిగే టంకం వస్తుందని తేలి, కాడ్మియం పేరులోని అక్షరాలే నాణ్యతకు గుర్తుగా ప్రచారమయ్యాయి. కానీ కాడ్మియం 767 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరవుతుంది, ఊదుగొట్టం పట్టిన స్వర్ణకారుడి ఊపిరితిత్తులకూ మూత్రపిండాలకూ ఆ ఆవిరి విషం. బీఐఎస్ ప్రమాణం దాన్ని అనుమతించదు. జింకు, ఇండియం వంటి లోహాల టంకాలూ లేజర్ అతుకులూ దాని స్థానంలోకి వచ్చాయి. ఇప్పటికీ ఎవరైనా కేడీఎం నగ అని గొప్పగా చెబితే దాన్ని నాణ్యతకు హామీగా తీసుకోవడానికి వీల్లేదు.

హారాన్ని బోర్లించి అరచేతిలో పరిస్తే పనితనం బయటపడుతుంది. మంచి పనిలో వెనకవైపు కూడా నునుపుగా ఉంటుంది, టంకం ముద్దలు ముద్దలుగా పొంగి ఉండదు, లంకెల మధ్య చీలిక కనిపించదు, వేలితో నెమ్మదిగా రాస్తే దారం పీకే మొనలు తగలవు. రెండు చివరలు పట్టి వేలాడదీసినప్పుడు హారం మెలిక పడకుండా సమంగా దిగాలి. హారం కొసలను కలిపే కొక్కేన్ని తెలుగులో కొలికి అంటారు. మరతో బిగించేదైతే మర చుట్లు అరిగి ఉండకూడదు, వంచి తగిలించేదైతే వంకె తీగ లంకెల తీగ కంటే లావుగా ఉండాలి. గుండ్ల హారాల్లో గుండ్లు బోలుగా ఉండటం తప్పు కాదు, తేలికగా పెద్దగా కనిపించడానికే అలా చేస్తారు. కానీ పలుచని బోలు గుండు ఒకసారి సొట్టపడితే సరిచేయడం కష్టం, లోపల లక్క ఉంటే ఆ లక్క బరువు బంగారం లెక్కలోకి రాకూడదు.

రాయి, ముత్యం

కెంపు కొరండం అనే ఖనిజం; ఖనిజాల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది వరకు వరుస పెట్టే మోస్ కొలమానంలో దానిది తొమ్మిదో స్థానం, గాజుది ఐదున్నర దరిదాపు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంలో గాజులో గుండ్రని గాలి బుడగలు, అరిగిన అంచులు కనిపిస్తాయి. అసలు కెంపులోనూ పగుళ్లను సీసపు గాజుతో నింపి అమ్మే రకం ఉంది, టంకం వేడి తగిలితే ఆ నింపుడు చెడుతుంది. పచ్చలకు పగుళ్లు సహజం, వాటిని నూనెతో నింపడం వ్యాపారంలో పాత వాడుక. అందువల్ల పచ్చల హారాన్ని వేడినీటిలోనూ శబ్దతరంగాల యంత్రంలోనూ శుభ్రం చేయకూడదు.

హైదరాబాదు పత్తర్‌గట్టీ అంగళ్లకు పేరు తెచ్చిన ముత్యం వీటికి భిన్నం. అది జీవి తయారుచేసిన కాల్షియం కార్బొనేటు. సుమారు అర మైక్రాను మందమున్న పలకలు ఇటుకల్లా పేరుకుని ఉంటాయి, ఆ మందం కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గరగా ఉండటమే ముత్యపు కాంతికి మూలం. ఈ పొర మందంగా ఉన్న ముత్యాలు వెలుగులో లోపలి నుంచి మెరిసినట్టుంటాయి, పలుచనివి సున్నం పూసినట్టు చప్పగా ఉంటాయి. కాల్షియం కార్బొనేటు ఆమ్లానికి కరుగుతుంది గనుక బంగారానికి మెరుగు తెచ్చే చింతపండు గుట్టపూసలకు పనికిరాదు. ముత్యాల పేరులో ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి ఉంటే ఒకదానితో ఒకటి రాసుకోవు, దారం తెగినా అన్నీ జారిపోవు.

తూకం ఎవరిది

శాస్త్రం కొలిచినదాన్ని అంకగణితం దాచేయవచ్చు. ఉదాహరణకు ఒక హారం మొత్తం తూకం 50 గ్రాములు, అందులో రాళ్లు, ముత్యాలు, లక్క కలిపి 8 గ్రాములు అనుకుంటే నికర బంగారం 42 గ్రాములు. 22 క్యారెట్లైతే అందులో మేలిమి 38.5 గ్రాములు. బంగారం ధర 42 గ్రాములకే కట్టాలి, రాళ్ల విలువ వేరే వరుసలో రావాలి. రాళ్లను తూచే క్యారెట్ బంగారం క్యారెట్ కాదు, అది 0.2 గ్రాముల బరువు. కాబట్టి 8 గ్రాములంటే 40 క్యారెట్లు. తయారీలో పొడిగా, రజనుగా పోయే లోహానికి వేసే తరుగు, పనికి ఇచ్చే మజూరీ ఏ తూకం మీద లెక్క కట్టారన్నది అంతే ముఖ్యం. తరుగు 12 శాతమైతే నికర తూకం మీద అది 5.04 గ్రాములు, మొత్తం తూకం మీద 6 గ్రాములు. తరుగుకు కట్టిన సొమ్ము నగను తిరిగి అమ్మేటప్పుడు వెనక్కి రాదు, కాబట్టి మళ్లీ డబ్బుగా మార్చుకునే ఆలోచన ఉన్నవారికి నక్షీ పని తక్కువ ఉన్న గొలుసులే మేలు. తులం అన్న మాటకు అసలు బరువు 11.66 గ్రాములు, నేటి అంగడిలో 10 గ్రాములు. ఎవరు ఏ తులం చెబుతున్నారో అడగడం అవసరం.

బిల్లులో నగ వివరం, నికర బంగారం తూకం, క్యారెట్‌తో పాటు శుద్ధత సంఖ్య, రాళ్ల వివరం, హాల్‌మార్క్ రుసుము విడివిడిగా ఉండాలి. ఈ వివరాలు లేని కాగితం వివాదం వచ్చిన రోజు దేనికీ పనికిరాదు. హారం ముందువైపు కంటిని మెప్పించడానికి చేసింది, అక్కడ లోపం దొరకడం అరుదు. ముద్ర, అతుకు, కొలికి, గుండు లోపలి ఖాళీ, రాయి అడుగు, ఇవన్నీ వెనకవైపే ఉంటాయి. కాబట్టి అద్దంలో చూసుకున్న తరువాత, డబ్బు చెల్లించే ముందు, హారాన్ని ఒకసారి బోర్లించి చూడాలి.